ఎమ్యులేటర్ మాయలేడా, మాయసీతా?

పర్ణశాల: అక్కా, మీ టెస్టింగ్ పని మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. కానీ ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే నకలు ఫోన్‌లో, పాసైన యాప్ అనగానే నాకు మా ఊరి కథే గుర్తొస్తుంది. బంగారు లేడి గంతులేసింది, గడ్డి మేసింది, మెడ తిప్పి చూసింది. కంటికి ఏ లోపమూ ఆనలేదు. వెంటపడి పోయినవాడికి గాని అది లేడి కాదని తెలియలేదు. మీ లాప్‌టాప్ తెర మీద ఉన్న ఫోన్ కూడా అంతే. బటన్లున్నాయి, బ్యాటరీ గుర్తుంది, టవర్ గీతలు నిండుగా ఉన్నాయి. దాన్ని నమ్మి యాప్ విడుదల చేస్తే, అడవిలో నిలబడి యాప్ తెరిచినవాడికి అసలు సంగతి తెలుస్తుంది.

హైదరాబాద్: లేడి కథ చెప్పావు కాబట్టి అదే పర్ణశాలలో జరిగిందనే ఇంకో కథ నేను చెబుతాను తమ్ముడూ. అధ్యాత్మ రామాయణం ప్రకారం రావణుడు ఎత్తుకుపోయింది అసలు సీతను కాదు, ఆమె ఛాయను. అసలు సీతను అగ్నిలో ఉండమని రాముడే ముందుగా చెప్పాడు. అంటే దెబ్బ పడే చోట నకలును నిలబెట్టి అసలును కాపాడారు. ఎమ్యులేటర్ చేసేది ఆ పనే. నా టేబుల్ మీద అది రోజుకు వందసార్లు క్రాష్ అవుతుంది, వందసార్లు లేస్తుంది. ఆ క్రాష్‌లన్నీ ఉపాధి పనుల్లో హాజరు వేసే మీ మేట్ చేతిలో ఉన్న ఫోన్‌లో జరగాలా? ముప్పై మంది కూలీలు వరసలో నిలబడి చూస్తుండగా జరగాలా?

పర్ణశాల: జరగకూడదు. అందుకే అడుగుతున్నాను. ఛాయకు ఎండ తగలదు కదా? ఒక్క సంగతి దగ్గరగా చూద్దాం. ఉపాధి హామీ పనుల్లో హాజరు తీసుకోవడానికి 2021లో ఎన్‌ఎంఎంఎస్ యాప్ వచ్చింది. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా పనులన్నిటికీ 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి అయింది. రోజుకు రెండు ఫోటోలు, ఫోటో మీద సమయం, స్థలం. ఇలాంటి పనికి ఎవరు ఏ యాప్ రాసినా, ముందు ఆ ఫోన్‌కి తానెక్కడుందో తెలియాలి. మీ ఎమ్యులేటర్‌లో అక్షాంశం, రేఖాంశం కొట్టి ఎంటర్ నొక్కితే చుక్క వచ్చి దుమ్ముగూడెం మండలంలో పడుతుంది. మా దగ్గర అలా పడదక్కా. జీపీఎస్ ఉపగ్రహం తానెక్కడుందో చెప్పే వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతుంది. 30 సెకన్లకొకసారి అవే వివరాలు తిప్పి తిప్పి వస్తాయి. మొత్తం ఉపగ్రహాల పట్టిక రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరకాలి. హైదరాబాద్‌లో ఈ వివరాలు ఇంటర్నెట్ నుంచి ముందే ఫోన్‌లోకి వచ్చేస్తాయి కాబట్టి మీకు క్షణంలో పని అవుతుంది. మా గుంపుల్లో, అంటే గూడేల్లో, టవర్ అందని చోట ఫోన్ ఆకాశం వైపు చూసి ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరుకోవాలి. పైన టేకాకు. ఆకు అడ్డొచ్చి ఒక ముక్క పోతే, అది మళ్లీ తిరిగొచ్చేదాకా ఆగాలి. ఈలోపు యాప్ గిరగిరా తిరిగి, 'లొకేషన్ దొరకలేదు' అని మూసుకుంటుంది.

హైదరాబాద్: ఇది నువ్వు చాలా బాగా చెప్పావు. ఇంత వివరంగా చెప్పావు కాబట్టే ఇప్పుడు నేను దీన్ని ఎమ్యులేటర్‌లో పెట్టగలను. లొకేషన్ తొంభై సెకన్లు ఆలస్యంగా వచ్చేలా చేస్తాను. వచ్చి పోయేలా చేస్తాను. రెండు వందల మీటర్ల తేడాతో వచ్చేలా చేస్తాను. అప్పుడు యాప్ ఏం చేస్తుందో చూస్తాను. నువ్వు చెప్పినదాంట్లో తప్పు టేకు చెట్టుది కాదు, ఉపగ్రహానిది కాదు. ఆగడం తెలియని యాప్‌ది. ఆ తప్పు నా గదిలోనే దొరుకుతుంది. పైగా నా దగ్గర ఒక సుగుణం ఉంది, అది నీ అడవిలో లేదు. పొద్దున తొమ్మిదింటికి నీకు కనబడిన లోపం పదింటికి మళ్లీ కనబడుతుందా? మబ్బు జరిగి ఉంటుంది, నువ్వు రెండడుగులు పక్కకు నిలబడి ఉంటావు. లోపం దొరికినా దాన్ని మళ్లీ పట్టుకోలేకపోతే, బాగు చేశామని ఎలా చెబుతాం? నేను అయితే అదే క్షణాన్ని దాచిపెట్టి, డెవలపర్ ముందు వందసార్లు తెరిచి చూపిస్తాను. కోడ్‌లో ఒక్క వరస మారితే రాత్రికి రాత్రి వెయ్యి పరీక్షలు నడుస్తాయి. అంతమందిని అడవికి పంపగలవా?

పర్ణశాల: పంపలేను. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ టేకాకు సంగతి మీకు ఇవాళ నేను చెబితే తెలిసింది. నేను చెప్పకముందు మీ వెయ్యి పరీక్షల్లో అది లేదు. ఎమ్యులేటర్‌కు మీరు చెప్పినదే తెలుసు. మీకు తెలియనిది దానికెవరు చెప్పాలి?

ఇంకా చెబుతాను వినండి. ఉపాధి పనులు జోరుగా సాగేది ఏప్రిల్, మే నెలల్లో. మా వైపు అప్పుడు 45 డిగ్రీల ఎండ మామూలు. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటని చోటే వాడమని ఆపిల్ కంపెనీ స్వయంగా రాసి పెట్టింది. మా మేట్ చేతిలో ఉన్నది ఐఫోన్ కాదు, ఎనిమిది వేల ఫోన్. కందకం గట్టు మీద పది నిమిషాలు పట్టుకుంటే వేడెక్కి కెమెరా తెరుచుకోదు. నేను మేట్లకు యాప్‌లు నేర్పేటప్పుడు చూశాను. ఒక ఆమె మంచినీళ్ల సీసా మీది తడిగుడ్డ తీసి ఫోన్ వీపుకి అద్ది, కొంగు నీడలో పెట్టి, చల్లారాక ఫోటో తీసేది. ఆ తడి వేళ్లతో తెర మీద నొక్కితే ఒకచోట నొక్కింది ఇంకోచోట పడేది. ఆ గుడ్డను మీరు ఏ ఎమ్యులేటర్‌లో పెడతారు?

హైదరాబాద్: పెట్టలేను.

ఇంకా బలహీనమైనచోటు నేనే చూపిస్తాను, దాచుకోవడం ఎందుకు? ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కనీసం ఆండ్రాయిడ్ వ్యవస్థ మొత్తాన్ని తెచ్చి నడుపుతుంది. ఐఫోన్ సిమ్యులేటర్ అలా కాదు. అది యాప్‌ను మ్యాక్ కంప్యూటర్ కోసం కట్టి, మ్యాక్ ప్రాసెసర్ మీదే నడుపుతుంది. అందులో యాప్ ఎంత వేగంగా నడిచినా ఫోన్ వేగం గురించి ఏమీ తెలియదు. ఆండ్రాయిడ్‌లోనూ ఒక చిక్కుంది. కదలకుండా పడున్న ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చే డోజ్ పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. దాన్ని ఎమ్యులేటర్‌లో ఒక్క కమాండ్‌తో తెప్పించవచ్చు. కానీ చాలా కంపెనీలు బ్యాటరీ మిగలాలని దాని మీద తమ సొంత కత్తెర కూడా వేస్తాయి. 'సిగ్నల్ వచ్చాక పంపుదాం' అని యాప్ దాచుకున్న ఫోటోలు పంపకముందే ఆ కత్తెర యాప్‌ను ఆపేస్తుంది. అది ఎమ్యులేటర్‌లో కనబడదు. ఫోన్ కావాల్సిందే.

అయితే ఏ ఫోన్? 2015లోనే ఓపెన్‌సిగ్నల్ సంస్థ లెక్క తీస్తే 24,093 రకాల ఆండ్రాయిడ్ ఫోన్లు తేలాయి. నీ చేతిలో ఉన్నవి మహా అయితే ఐదు. ఐదింటిలో నడిచింది కాబట్టి నడుస్తుందని చెప్పడం కూడా నమ్మకమే, రుజువు కాదు. మా ఆఫీసులో కూడా టెస్టింగ్‌కి అసలు ఫోన్లున్నాయి. అన్నీ కొత్తవి, ఏసీ గదిలో ఉంటాయి, ఎప్పుడూ ఛార్జింగ్ మీదే ఉంటాయి, వాటిలో ఒక్క వాట్సాప్ వీడియో కూడా ఉండదు. అవి నిజం ఫోన్లేనా? నన్నడిగితే అవి కూడా బొమ్మలే. ఏది నిజం ఫోన్ అని తేల్చడం నువ్వు అనుకున్నంత తేలిక కాదు.

పర్ణశాల: మీరన్నది సబబే. ఫోన్ ఒక్కటే నిజం కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి, నిలబడ్డ చోటు, రెండేళ్ల వాడకం కలిస్తేనే నిజం. అయితే నా వాదన బలపడింది కదా? ఆఫీసు ఫోన్ కూడా చాలదంటున్నారు. అంటే ఇంకా ముందుకు, కందకం గట్టు దాకా రావాలి.

హైదరాబాద్: ముందుకు రావడం కన్నా ముందు, ఉన్నచోటే చేయాల్సినది చేశామా అని అడుగుతున్నాను. 2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే మన తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చింది. జ, దాని కింద ఞ వత్తు, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. అది మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ పడిపోయేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేశారు. మ్యాక్ కంప్యూటర్లకూ అదే రోజు సవరణ వచ్చింది, ఎందుకంటే లోపం అక్కడా ఉంది. చూడు, ఆ లోపం దొరకడానికి అడవి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, ఫోన్ కూడా అక్కర్లేదు. టేబుల్ మీది కంప్యూటర్‌లో ఎవరైనా తెలుగును అన్ని రకాలుగా కూర్చి చూసి ఉంటే చాలు. కోట్లమంది మాట్లాడే భాషను అలా ఎవరూ చూడలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికే. ఫోన్ల మీద లక్షలు పెట్టే ముందు, ఎమ్యులేటర్ భాషను తెలుగుకు మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, వత్తులు పెట్టెలోంచి తెగిపోతున్నాయో లేదో చూడమని నేను ప్రతి టీముకూ చెబుతాను. అరగంట పని. చాలామంది చేయరు.

పర్ణశాల: 'జ్ఞా' విషయంలో నా దగ్గర జవాబు లేదు. మీరే గెలిచారు. తెలుగులో చూడకుండా తెలుగువాళ్లకు యాప్ ఇవ్వడం కన్నా తప్పు లేదు. మా వైపు ఇంకో మెట్టు కూడా ఉంది. కోయ ఇంట్లో పుట్టి తెలుగు బడిలో చదివిన మేట్, తెలుగులోకి మార్చిన ఆఫీసు భాషను చదివి అర్థం చేసుకోవాలి. 'సమకాలీకరణ విఫలమైంది' అని తెర మీద వస్తే ఆమె నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: ఫోటో పోయిందా, ఉందా? ఆ ప్రశ్న మీ టేబుల్ మీద ఎవరు అడుగుతారు? ఫేస్‌బుక్ లాంటి కంపెనీకే ఇది తప్పలేదు. 2013లో వాళ్ల ఉద్యోగులు ఆఫ్రికా వెళ్లి, అక్కడి ఫోన్లు కొని, అక్కడి నెట్‌లో తమ యాప్ తెరిచి చూశాకే అది ఎంత నెమ్మదిగా ఉందో, ఎలా పడిపోతోందో వాళ్లకు అర్థమైంది. ఆఫీసులో వేలమంది ఇంజినీర్లున్నారు. కాలు కదిపితే గాని తెలియలేదు.

హైదరాబాద్: తిరిగొచ్చాక వాళ్లేం చేశారో కూడా చెప్పు. 2015లో '2జీ మంగళవారాలు' పెట్టారు. మంగళవారం ఉద్యోగి యాప్ తెరిస్తే, గంటసేపు 2జీ వేగంలో వాడి చూస్తావా అని అడిగేవారు. అది అచ్చంగా అనుకరణే, సిమ్యులేషనే. ఆఫ్రికాకు కొద్దిమందే వెళ్లారు. ఆ అనుభవం మిగతా వేలమందికి అందింది అనుకరణ వల్లే. మరుసటి ఏడాది ప్రైన్‌విల్ డేటా సెంటర్‌లో సుమారు రెండు వేల అసలు ఫోన్లను అలమారాల్లో పేర్చి ల్యాబ్ కట్టారని కూడా ఒప్పుకుంటాను. అది వాళ్లకు చెల్లింది. ఇక్కడ నలుగురున్న టీము మండల స్థాయి యాప్ కడుతుంటే ప్రైన్‌విల్ చూపించి ఏం లాభం?

ఇంకో మాట. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్లో టెస్టింగ్ అంటే ఊరివాళ్ల మీద టెస్టింగ్. 2025 జూలై నుంచి అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో, ఇంటికిచ్చే పోషకాహారం తీసుకునేవారి ముఖాన్ని ఫోన్ కెమెరాతో సరిపోల్చడం తప్పనిసరి అయింది. అలాంటి యాప్‌ను నువ్వు పరీక్షించాలంటే ఎవరి ముఖం పెడతావు? ఒక బాలింత ముఖం, ఆమె ఆధార్ వివరాలు, బిడ్డ బరువు నీ టెస్ట్ ఫోన్‌లోకి వస్తాయి. ఆ ఫోన్ తర్వాత ఎక్కడికి పోతుంది? 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అది రాకముందు కూడా ఇది తప్పే. ఎమ్యులేటర్‌లో నేను పెట్టేది లేని మనిషి పేరు, లేని మనిషి నంబర్. ఎవరికీ హాని లేదు. గిరిజన గూడేన్ని ప్రయోగశాల చేయడానికి నాకు మనసొప్పదు.

పర్ణశాల: ఆ భయం మంచిదక్కా. మీలాంటివాళ్లకు ఆ భయం ఉన్నందుకు నాకు సంతోషం. కానీ పరీక్షించకుండా విడుదల చేసిన రోజున ఊరంతా ప్రయోగశాలే కదా? అప్పుడు వాళ్లను అడిగేవారు కూడా ఉండరు. టెస్టింగ్ అని చెప్పి, ఒప్పుకున్న ఇద్దరు ముగ్గురితో చేస్తే వాళ్లకు తెలిసి జరుగుతుంది. చెప్పకుండా చేస్తే రెండు వందల మంది మీద జరుగుతుంది. ముఖం సంగతే తీసుకోండి. ఎమ్యులేటర్‌లో కెమెరా తెరిస్తే కంప్యూటర్ గీసిన బొమ్మ గది కనబడుతుంది. కావాలంటే లాప్‌టాప్ కెమెరా తగిలించి మీ ముఖమే చూపిస్తారు, ట్యూబ్‌లైట్ వెలుగులో. మా అంగన్‌వాడీ గది అలా ఉండదు. కిటికీ మూసి ఉంటుంది. వెలుగంతా తలుపులోంచి వస్తుంది. తల్లి తలుపుకు వీపు పెట్టి నిలబడుతుంది, చంకలో బిడ్డ కదులుతూ ఉంటుంది. కెమెరాకు ఆమె ముఖం నల్లటి నీడ. చేయాల్సిందల్లా ఆమెను ఇటు తిప్పి నిలబెట్టమని తెర మీద ఒక మాట రాయడం. ఆ ఒక్క మాట రాయాలని మీకు తోచాలంటే ఆ గదిలోకి ఒకసారి రావాలి.

హైదరాబాద్: వచ్చినా తోచనివి ఉంటాయి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన ఉత్తర్వు గుర్తుచేస్తాను. హాజరు యాప్‌లో సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, పనిచోట ఫోటో తీయకుండా ఫోటోకి ఫోటో తీసి పంపుతున్నారని ఆ శాఖే రాసింది. ఫోటోలను మనుషులు చూసి సరిపోల్చుకోవాలని, గ్రామ పంచాయతీ స్థాయిలో నూటికి నూరూ చూడాలని చెప్పింది. దీన్ని నా ఎమ్యులేటర్ పట్టుకోలేదు. నీ నిజం ఫోన్ పట్టుకుందా? ఫోన్‌లో ఆ యాప్ చక్కగా పనిచేసింది. కెమెరా తెరుచుకుంది, ఫోటో వెళ్లింది. తప్పు ఫోన్‌లో లేదు, బయట ఉంది.

పర్ణశాల: బయట ఉంది కాబట్టే బయటికి రమ్మంటున్నాను. అందరూ మోసంతో చేశారని నేను అనను, అందరూ నిజాయితీపరులనీ అనను. కానీ ఫోటో వెళ్లకపోతే ఆ రోజు హాజరు పడదు. 2025-26లో తెలంగాణకు నిర్ణయించిన ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. పనిచోట నిలబడి యాప్ ఎందుకు మొరాయిస్తుందో, మొరాయించినప్పుడు మనిషి ఏ దారి వెతుక్కుంటాడో ముందే చూసినవాళ్లుంటే, ఆ దారులు ఎక్కడికి పోతాయో ముందే తెలిసేది. మీరు బగ్ అంటారు. మీకది ఒక టికెట్ నంబర్. ఇక్కడ అది 307 రూపాయలు.

హైదరాబాద్: నాకు టికెట్ నంబర్ మాత్రమే అనుకోకు తమ్ముడూ. నేను ఆలోచించేది ఆ 307 రూపాయల గురించే. అందుకే అడుగుతున్నాను, వరద సంగతేమిటి? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. పర్ణశాలలో సీతమ్మ నారచీరల గుర్తులున్న చోటు తరచూ వరదకు మునుగుతూనే ఉంటుంది. పునరావాస కేంద్రంలో బియ్యం పంచే యాప్‌ను ఎక్కడ పరీక్షిస్తావు? వరద వచ్చేదాకా ఆగుతావా? నేను ఇవాళే, ఎండాకాలంలోనే, నెట్ తీసేసి, బ్యాటరీ నాలుగు శాతానికి దించి, సగం పంపిన జాబితా మధ్యలో ఫోన్ ఆపేసి చూడగలను. రాని ఆపదను ముందే తెచ్చి చూడటానికి నకలు తప్ప దారి లేదు.

పర్ణశాల: వరదకు మీ దారే దారి. దాని మీద నాకు వాదన లేదు. రోజూ వచ్చే ఎండకు, రోజూ పోయే సిగ్నల్‌కు మాత్రం నా దారి. వరద ఎప్పుడో గాని 70 అడుగులు దాటదు. మేట్ మాత్రం రోజుకు రెండుసార్లు ఫోటో తీయాలి.

హైదరాబాద్: సరే, వస్తాను. కానీ ఊరికే చూసి పోవడానికి కాదు. కనబడిన ప్రతి లోపానికీ లాగ్ కావాలి, సమయం కావాలి, ఫోన్ ఎంత వేడెక్కిందో కావాలి, స్టోరేజ్ ఎంత మిగిలిందో కావాలి. దాన్ని తెచ్చి ఇక్కడ మళ్లీ పుట్టించగలగాలి. లేకపోతే నా ప్రయాణం నలుగురికి చెప్పుకునే కథగా మిగులుతుంది, యాప్ మాత్రం మారదు.

పర్ణశాల: ఇస్తాను. నా వైపు నుంచి రెండు మాటలు. మనం పరీక్షించే రోజున హాజరు వేసే కాగితం మస్టర్ పక్కన ఉండాలి. యాప్ పడిపోయినా ఎవరి కూలీ పోకూడదు. రెండోది, మీ ఆఫీసు ఫోన్ తేవద్దు. మేట్ ఫోన్‌లోనే వేసి చూడాలి.

హైదరాబాద్: కాగితం మస్టర్ మీద నువ్వు అడగకపోయినా నేనే అడిగేదాన్ని. మేట్ ఫోన్‌కి మాత్రం ఒప్పుకోను. అందులో ఆమె ఇంటి ఫోటోలుంటాయి, బ్యాంకు మెసేజ్‌లుంటాయి. సగం తయారైన యాప్‌ను తెచ్చి అందులో వేసే హక్కు నాకు లేదు. అదే మోడల్, అంతే పాత ఫోన్ కొని తెస్తాను.

పర్ణశాల: కొన్న పాత ఫోన్‌లో ఆమె రెండేళ్ల బరువు ఉండదక్కా. ఆమె ఒప్పుకుంటే?

హైదరాబాద్: ఆమె ఒప్పుకున్నా చాలదు. కాదని చెప్పే వీలు ఆమెకు నిజంగా ఉందా అని ముందు నాకు తెలియాలి.

పర్ణశాల: అయితే ఆ మాట ఆమెనే అడుగుదాం, నేను లేనప్పుడు మీరే అడగండి. మీ పాత ఫోన్ కూడా తెండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎండ ముదరకముందే కూలీలు పనిలోకి దిగుతారు. హైదరాబాద్ నుంచి భద్రాచలానికి రాత్రి బస్సులున్నాయి. అక్కడి నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు.